పైపు నీళ్ళు, క్లిప్పర్ మోత: భయపడే కుక్కని పట్టుకోవడం మనిషి ఎట్లా నేర్చుకున్నడు

ఈ వారం ఎపిసోడ్‌లో మాట్లాడిందే కొంచెం సర్ది, కొంచెం కలిపి ఇక్కడ రాస్తున్న. డ్యూటీలో హెడ్‌ఫోన్ పెట్టుకోనియ్యరు, రాత్రి రూంలో చదువుకుంటం అన్నోళ్ళ కోసం ఇది. నేను చరిత్ర చదువుకున్నోణ్ణి కాదు. ఐటీఐలో సివిల్ డ్రాఫ్ట్స్‌మన్ చేసి షార్జా వచ్చి, హెల్పర్ నుంచి సూపర్‌వైజర్ దాకా ఎక్కినోణ్ణి. ఏదన్న ఒక సంగతి మనసుల పడితే దాని వెనక పోయి చదువుత, అంతే.

ఈ సంగతి మనసుల పడింది పోయిన జూలైలో. మా దిక్కు తమ్ముడొకడు ఇక్కడ ఒక విల్లాలో హౌస్ బాయ్. చెట్లకి నీళ్ళు, కారు కడుగుడు, గేటు తీసుడు, వీటితోపాటు ఒక హస్కీ కుక్కకి స్నానం. వీసాలో కుక్క మాట లేదు, కానీ విల్లా పనుల సంగతి మీకు తెలువంది కాదు. ఒకరోజు రాత్రి వాయిస్ మెసేజ్ పెట్టిండు: "అన్నా, కుక్క చేతికి కరిచింది. మేడంకి చెప్పలే. పసుపు పెట్టి గుడ్డ కట్టిన." కరిచి అప్పటికే రెండు రోజులు. చెప్తే ఇంటికి పంపిస్తరని భయం. ఇంకో భయం బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు.

ముందు ఈ రెండో భయం సంగతి చెప్త, ఎందుకంటే అది మనందరిది. లూయీ పాశ్చర్ 1885 జూలై 6న జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేండ్ల పిలగానికి మొదటిసారి రేబిస్ టీకా ఇచ్చిండు. మన దేశంలో 1900లో కసౌలిలో, 1907లో నీలగిరుల్లోని కూనూరులో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లు పెట్టిన్రు. కసౌలిలో డేవిడ్ సెంపుల్ అనే డాక్టర్ తయారుచేసిన టీకానే ఎన్నో ఏండ్లు మన సర్కారు దవాఖానల్ల ఇచ్చిన్రు. రోజూ పొట్ట మీద సూది, రోజుల తరబడి. మా చిన్నప్పుడు ఊర్ల ఎవరినన్న కుక్క కరిస్తే ఇంటిల్లిపాదీ ఏడ్చేది కుక్క కోసం కాదు, ఆ సూదుల కోసం. ఇప్పుడా టీకా లేదు. భుజానికి నాలుగైదు డోసులు, అంతే. కరిచిన వెంటనే సబ్బుతో, పారే నీళ్ళ కింద పదిహేను నిమిషాలు కడగాలె. పసుపు, సున్నం, కారం ఏదీ పెట్టొద్దు. కడిగినంక అదే రోజు దవాఖానకి పోవాలె. ఈ మూడు మాటలు గుర్తుంటే ఈ వ్యాసంల మిగతాది మరిచిపోయినా ఏం కాదు.

తమ్ముణ్ణి తీసుకుపోయిన, సూదులు వేయించిన. మేడంకి నేనే ఫోన్ చేసి చెప్పిన. ఆమె కుక్క టీకాల పుస్తకం పట్టుకొని దవాఖానకే వచ్చింది, మొదటిరోజే ఎందుకు చెప్పలేదని తమ్ముణ్ణి అడిగింది. అందరి మేడంలు అట్లుంటరని నేను అనను. బయటికొచ్చినంక తమ్ముడు అడిగిన మాట ఒక్కటే. "అన్నా, వచ్చే వారం మళ్ళా స్నానం చేయించాలె కదా. ఎట్లా?"

నాకు తెలువదు. ఆ జవాబు వెతుకుతూ పోతే దొరికిందే ఈ చరిత్ర.

కుక్కకి సింగారం కొత్త సంగతి కాదు. మనం బతుకుతున్న ఈ ఎడారిలోనే బెదూయిన్లు సలూకీ వేటకుక్కల్ని డేరాలో తమతో పండబెట్టుకున్నరు. మామూలు కుక్కని "కల్బ్" అంటరు, సలూకీని ఆ మాటతో పిలవరు. దాని పాదాలకి గోరింటాకు పెట్టేటోళ్ళు, అందానికీ, వేడి ఇసుకలో అరికాలు గట్టిపడడానికీ. పారిస్‌లో పద్దెనిమిది, పందొమ్మిదో శతాబ్దాల్లో సెయిన్ నది ఒడ్డున, పాంట్ నెఫ్ వంతెన మీద కుక్కల మంగళ్ళు ఉండేటోళ్ళు. ఆడోళ్ళు కూడా చేసిన్రు ఆ పని. ఎక్కువగా వచ్చేది పూడుల్ కుక్కలు. అసలు అది నీళ్ళల్లో పడ్డ బాతుల్ని తెచ్చే కుక్క. ఈదడానికి అడ్డం లేకుండ వెనక భాగం గొరిగి, చలి తగలకుండ ఛాతీ మీద, కీళ్ళ మీద బొచ్చు ఉంచుడు అలవాటని చెప్తరు. తర్వాత అదే ఫ్యాషన్ అయింది. ఆ కాలం బొమ్మల్లో మంగలి కుక్కని మోకాళ్ళ మధ్య ఇరికించుకొని కత్తిరిస్తుంటడు. కుక్కకి ఇష్టమా కాదా అన్న ప్రశ్నే ఆ బొమ్మల్లో లేదు.

మనకీ అంతే. మా ఊర్ల కుర్మోళ్ళు గొర్రె ఉన్ని కత్తిరించేటప్పుడు కాళ్ళు కట్టి పక్కకి పండబెట్టి కత్తెర పెడుతరు. వాళ్ళ చెయ్యి ఎంత తేలికంటే గొర్రె చర్మానికి గీత పడదు, గొంగడికి ఉన్ని పాడుకాదు. నేను చిన్నప్పుడు గంటలు గంటలు నిలబడి చూసేటోణ్ణి. జంతువుని పట్టుకొనుడంటే కట్టుడే అని నా బుర్రల అచ్చుపడ్డది అక్కడే. గొర్రెకి ఏడాదికి ఒకటి రెండు సార్లు. కుక్కకి నెల నెలా అనేసరికి లెక్క వేరైతది.

తర్వాత మిషన్లు వచ్చినయి. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలోని స్టెర్లింగ్ అనే ఊరిలో లియో వాల్ అనే ఆయన 1919లో కరెంటు క్లిప్పర్‌కి పేటెంట్ పెట్టుకున్నడు. మన క్యాంపు బార్బర్ దగ్గర ఉండే "వాల్" మిషన్ ఆ పేరే. విస్కాన్సిన్‌లోని రసీన్‌లో జాన్ ఆస్టర్ 1924లో క్లిప్పర్ల కంపెనీ మొదలుపెట్టిండు. పని చాలా తొందరగ అయ్యేది. కానీ మన చెవి పట్టే మోత ఇరవై కిలోహెర్ట్జ్ దగ్గర ఆగితే, కుక్క చెవి దానికి రెండింతల పైన పట్టుకుంటది. మనకి జుయ్యిమని వినపడేది దానికి ఎట్లా వినపడుతదో! పైగా వణుకు. పైగా పది నిమిషాలు నడిచేసరికి బ్లేడు కాలుతది, గ్రైండర్ పట్టినోళ్ళకి చెప్పనక్కర్లేదు. కత్తెరకి ఓర్చుకున్న కుక్క కూడా మిషన్ చూసి పారిపోవుడు మొదలుపెట్టింది.

అట్లాంటి కుక్కని ఏం చేయాలె? ఆ కాలంల జవాబు ఒక్కటే, లొంగదియ్యి. జర్మనీలో కోన్‌రాడ్ మోస్ట్ అనే పోలీసు అధికారి 1910లో కుక్కల శిక్షణ మీద పుస్తకం రాసిండు. కుక్క ఎట్లా నేర్చుకుంటదో బాగ పట్టుకున్న మనిషే, కానీ పద్ధతిలో బలవంతం ఎక్కువ. యుద్ధంలో కుక్కల్ని వాడిన సైన్యాలు, తర్వాత ఇంటి కుక్కలకి నేర్పినోళ్ళు చాలామంది ఆ దారే పట్టిన్రు.

రెండో దారి దొరికింది అనుకోకుండ, ఒక వరదలో. ఇవాన్ పావ్‌లోవ్ పేరు చాలామంది విని ఉంటరు. 1904లో నోబెల్ వచ్చిన రష్యా సైంటిస్టు, కుక్కకి అన్నం టైముకి ఒక సైగ ఇస్తూ పోతే తర్వాత ఆ సైగకే నోరూరుతదని చూపించినాయన. 1924 సెప్టెంబర్ 23న లెనిన్‌గ్రాడ్‌లో నది పొంగింది. కుక్కల షెడ్లలోకి నీళ్ళొచ్చినయి. సిబ్బంది వాటిని చలినీళ్ళల్లో ఈదించుకుంటూ ల్యాబ్ బిల్డింగుకి తెచ్చిన్రు. అన్నీ బతికి వచ్చినయి అనుకున్నరు. కానీ కొన్ని కుక్కలు అంతకుముందు ఏండ్ల తరబడి నేర్చుకున్నది మొత్తం పోగొట్టుకున్నయి. అన్నం పెట్టినా ముట్టలేదు. ఒక కుక్కని మాత్రం చాలా రోజులు కనిపెట్టి చూసిన్రు. ప్రయోగం చేసే మనిషి గదిలో దాని పక్కనే ఉంటే మెల్లగ తేరుకుంది. మనిషి బయటికి పోతే మళ్ళా మొదటికొచ్చింది. కొన్నాళ్ళకి బాగయింది అనుకున్నంక తలుపు సందులోంచి కొంచెం నీళ్ళు గదిలోకి వదిలిన్రు. నేల మీద సన్నటి ధార, అంతే. కుక్క గజగజ వణికి, మళ్ళా అన్నీ మరిచిపోయింది.

ఈ ఒక్క సంగతి చదివినప్పుడు నేను ఫోన్ పక్కన పెట్టి కూచున్న. సన్నటి ధార! బయట చూసేటోడికి అది కొద్దిగ నీళ్ళు, కుక్కకి మొత్తం వరద.

పావ్‌లోవ్ దగ్గర పనిచేసిన హోర్స్‌లీ గాంట్ అనే అమెరికన్ తిరిగి పోయి, జాన్స్ హాప్‌కిన్స్ యూనివర్సిటీలో ల్యాబ్ పెట్టి, మనిషి పక్కన ఉండుడు అనే సంగతినే పట్టుకున్నడు. మనిషి చెయ్యేసి నిమిరితే కుక్క గుండె వేగం తగ్గుడు ఆయన కొలిచి చూపించిండు.

వరద వచ్చిన అదే 1924లో, న్యూయార్క్‌లో మేరీ కవర్ జోన్స్ అనే ఆమె పీటర్ అనే చిన్న పిలగాని గురించి రాసింది. మూడేండ్లు కూడా నిండని పిల్లోడు, కుందేలంటే వణుకు. ఆమె ఏం చేసిందంటే, పిల్లోడు ఇష్టంగ తింటున్నప్పుడు కుందేలుని పంజరంల దూరంగ పెట్టింది. వాడు తినుడు ఆపనంత దూరంల. మరుసటిసారి కొంచెం దగ్గర. భయపడితే మళ్ళా వెనక్కి. చివరికి పిల్లోడు కుందేలుని ఒళ్ళో పెట్టుకొని ముద్దుచేసిండు. ఇయ్యాల ప్రపంచంల ఏ మంచి గ్రూమర్, ఏ వెటర్నరీ డాక్టర్ వాడే పద్ధతైనా మూలంల ఇదే. మిషన్ ఆపి ఉన్నప్పుడు దూరంగ చూపించి చికెన్ ముక్క. ఆన్ చేసి పక్క గదిలో పెట్టి చికెన్ ముక్క. ఒక వారం, రెండు వారాలు. కుందేలుకీ క్లిప్పర్‌కీ తేడా లేదు. అయితే చిన్నపిల్లల మీద నేర్చుకున్నది కుక్కల దాకా రావడానికి యాభై, అరవై ఏండ్లు పట్టింది, దాంతోపాటు తొందరపడే మనుషులు ఇప్పటికీ ఉన్నరు. నేనొకణ్ణి.

చెప్పాలె. నాకు సిగ్గైనా చెప్పాలె.

ఒక సైటులో ఒక నల్ల కుక్క తిరిగేది. జూన్ పదిహేను నుంచి సెప్టెంబర్ పదిహేను దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఎండలో పని బంద్ కదా, ఆ టైముల మా పక్కనే నీడకి పండుకునేది. మనోళ్ళు చపాతీ ముక్కలేసేటోళ్ళు. ఒకసారి బేస్‌మెంట్ వాటర్‌ప్రూఫింగ్‌కి కొట్టిన బిటుమెన్ ఆరకముందు దాంట్ల పొర్లింది. పొట్ట కింద, తొడల దగ్గర బొచ్చంతా తారుముద్ద. నడవలేకపోతుంది. నేను సూపర్‌వైజర్‌ని కదా, ఆర్డర్ వేసిన. నలుగురు పట్టుకోండి, నైలాన్ తాడుతో కాళ్ళు కట్టండి, మూతికి చిక్కం లెక్క గుడ్డ కట్టండి, క్యాంపు బార్బర్ మిషన్ తెండి. ఐదు నిమిషాలు గింజుకుంది. ఉచ్చ పోసుకుంది. తర్వాత కదలకుండ పడుకుంది. కళ్ళు తెరిచే ఉన్నయి. "చూశిండ్రా, సల్లబడ్డది" అన్న నేను. బొచ్చంతా తీసేసినం. తాడు విప్పితే లేచి, వెనక్కి చూడకుండ పోయింది. మా నీడకి మళ్ళా రాలే. సైటు గేటు దగ్గర నేను కనబడితే నేలకి అతుక్కొని పండుకునేది, పారిపోయేది కూడా కాదు.

వంటనూనె రాసి నానబెడితే తారు మెత్తబడి వదుల్తదని తర్వాత తెలిసింది. కిరోసిన్, పెట్రోల్ పెట్టొద్దు, చర్మం కాలుతది, నాకితే విషం. ఒక సీసా నూనె, ఓపికున్న మనిషొకడు, అంతే కావాల్సింది.

అది సల్లబడలేదని నాకు చెప్పింది 1967 నాటి ఒక ప్రయోగం. పెన్సిల్వేనియా యూనివర్సిటీలో మార్టిన్ సెలిగ్‌మన్, స్టీవెన్ మయర్ అనే ఇద్దరు కుర్ర సైంటిస్టులు కుక్కలకి షాకులు ఇచ్చిన్రు. చదువుతుంటే మనసు ఒప్పదు, కానీ సంగతి ఇది. కొన్ని కుక్కలకి తలతో ఒక పలక నొక్కితే షాక్ ఆగుతది. ఇంకొన్నింటికి అంతే షాక్, కానీ ఏం చేసినా ఆగదు. తర్వాత అన్నింటినీ ఒక పెట్టెలో పెట్టిన్రు, మధ్యల ఎత్తు తక్కువ అడ్డుగోడ, దూకితే తప్పించుకోవచ్చు. మొదటి రకం దూకినయి. రెండో రకంల చాలా కుక్కలు దూకలేదు. పండుకొని, మూలుగుతూ భరించినయి. తలుపు తెరిచే ఉంది, కానీ తన చేతిలో ఏమీ లేదని అవి అప్పటికే అనుకున్నయి. దీనికి "నేర్చుకున్న నిస్సహాయత" అని పేరు పెట్టిన్రు. వాటిని బాగుచేయడానికి మెడపట్టీ పట్టుకొని అటు పక్కకి మళ్ళీ మళ్ళీ నడిపించాల్సి వచ్చింది, దాటితే నొప్పి ఆగుతదని వాటికి అవే తెలుసుకునేదాక.

యాభై ఏండ్ల తర్వాత, 2016లో, ఆ ఇద్దరే మేం తిరగేసి చెప్పినం అని రాసిన్రు. నిస్సహాయత నేర్చుకునేది కాదంట. పెద్ద దెబ్బకి పడిపోయుడే శరీరం మొదటి స్వభావం, "నా చేతిలో కొంచెం ఉంది" అన్నదే నేర్చుకునేదంట. పేరు ప్రఖ్యాతులు తెచ్చిన మాటని సొంతంగ సరిదిద్దుకునుడు చిన్న సంగతి కాదు, మన సైటులో ఒక డ్రాయింగ్ తప్పు ఒప్పుకోవడానికే ఇంజనీర్లకి నెల పడుతది.

ఇంకో ముక్క కూడా చెప్పాలె, అన్ని కుక్కలూ ఒక్క లెక్క కావు. అమెరికాలో బార్ హార్బర్ అనే చోట జాక్సన్ ల్యాబ్‌లో 1961లో ఒక పరీక్ష చేసిన్రు. కుక్కపిల్లల్ని గోడ కట్టిన ఒక పొలంల మనిషి కంటపడకుండ పెంచి, వేర్వేరు వారాలప్పుడు మనుషుల దగ్గరికి తెచ్చిన్రు. పద్నాలుగు వారాల దాకా మనిషినే చూడని పిల్లలు ఆ తర్వాత అడవిజంతువుల లెక్కనే ఉన్నయి. అదే ల్యాబ్‌లో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు 1965లో పుస్తకం రాసి, మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా కుక్కపిల్ల చూసింది, ముట్టింది, విన్నదే దానికి లోకం అని చెప్పిన్రు. కాబట్టి మీ మేడం పెద్ద కుక్కని ఎక్కడినుంచో తెచ్చుకొని, అది మిషన్‌కి భయపడుతుంటే తప్పు మీది కాదు. అది మీకన్న ముందే మొదలైంది.

ఇదంతా కలిపి గ్రూమింగ్ టేబుల్ మీదికి తెచ్చినోళ్ళల్ల ముఖ్యమైన మనిషి డాక్టర్ సోఫియా యిన్. కాలిఫోర్నియాలో వెటర్నరీ డాక్టర్. 2009లో జంతువుని ఒత్తిడి లేకుండ పట్టుకొనే పద్ధతుల మీద పెద్ద పుస్తకం తెచ్చింది, ఫొటోలతో. ఎక్కడ చెయ్యేయాలె, ఎటునుంచి రావాలె, ఎప్పుడు ఆపాలె, అన్నీ. 2014లో చనిపోయింది. నార్వేలో తురీద్ రూగాస్ అనే ఆమె కుక్క కరవడానికి చాలా ముందే చెప్పే సైగల్ని జనానికి పరిచయం చేసింది. పెదాలు నాకుడు, నిద్ర రాకున్నా ఆవులించుడు, మొహం పక్కకి తిప్పుడు. వీటికి తోడు మీరు చూడాల్సినవి కంటి తెల్లగుడ్డు కనపడుడు, తోక కాళ్ళ మధ్యకి పోవుడు, ఉన్నట్టుండి బిగుసుకుపోవుడు. చివరిది అన్నిటికన్న ప్రమాదం. గుర్రుమంటే కొట్టొద్దు. కొడితే గుర్రుమనుడు మానేస్తది, తర్వాత చెప్పకుండ కరుస్తది.

ఇగ తమ్ముడి విల్లా సంగతికి వద్దాం. సెలవు రోజు నేనే పోయిన. మేడం ఒప్పుకుంది. తమ్ముడు స్నానం ఎట్లా చేయిస్తడో చూపించమన్న. కుక్కని గోడకున్న రింగుకి కట్టి, వెనకనుంచి పోయి, పైపు తీసుకున్నడు. పైపు కనపడంగనే కుక్క బిగుసుకుంది. "ఆగు" అన్న. ఆ పైపు ఇంటర్‌లాక్ టైల్స్ మీద పొద్దున్నుంచి ఎండలో పడి ఉంది. కుళాయి తిప్పి నా చెయ్యి పెట్టిన. చుర్రుమంది. పైపులో నిలిచిన నీళ్ళు టీ పెట్టుకునేంత వేడి. అవి అయిపోతే వచ్చేది మేడమీది ట్యాంకు నీళ్ళు, అవీ తక్కువేం కాదు. ఎండాకాలం మనం గీజర్ బంద్ చేసి, దాంట్ల నిలిచిన నీళ్ళే చల్లగుంటయని వాడుకుంటం కదా! మన చర్మానికి తెలిసిన సంగతి కుక్కకి ఉంటదని మనకి తట్టలేదు. తమ్ముడు నాలుగు వారాలుగ మొదటి ధార నేరుగ దాని నడుము మీద కొట్టిండు. తెలిసి కాదు. ఐదో వారం కరిచింది.

తమ్ముడు మొహం చూడాలె మీరు. "అయ్యో, నేను కాల్చిన్నా అన్నా దాన్ని" అని అక్కడనే కూచున్నడు. కుక్క వంక చూసుకుంటూ కూచున్నడు.

పని మొదలుపెట్టినం. ఇంటిలోపల గీజర్ ఆపిన బాత్రూంలో, బకెట్‌ల నీళ్ళు, చెయ్యి పెట్టి చూసి, మగ్గుతో. కాళ్ళ కింద జారకుండ రబ్బర్ మ్యాట్. జారే నేల మీద కుక్క సగం భయం జారుడు భయమే, తడి షట్టరింగ్ ప్లై మీద నిలబడ్డోడికి తెలుసు. మొదటి వారం స్నానమే లేదు, బాత్రూంలోకి వచ్చుడు, చికెన్ తినుడు, బయటికి పోవుడు. తలుపు తెరిచే ఉంచినం. పోతే పోనిచ్చినం. రెండో వారం పాదాలు. వెనకనుంచి పోవుడు బంద్, పక్కనుంచి, కనపడేటట్టు. ఎండకాలం కదా బొచ్చు మొత్తం తీసేద్దామన్నడు తమ్ముడు. వద్దన్న. హస్కీకి రెండు పొరల బొచ్చు, అది చలికే కాదు ఎండకీ అడ్డం. తీసేస్తే చర్మం ఎండకి కాలుతది. దువ్వెనతో లోపలి పొరలో రాలిన బొచ్చు తీస్తే చాలు.

కువైట్‌లో, ఖతర్‌లో విల్లాల్లో పనిచేసే కడప, గోదావరి అక్కలు కొందరు మెసేజ్ పెట్టిన్రు, మాకు అంత టైం ఎవరిస్తరు అన్నా అని. నిజమే. చికెన్ ముక్క, నెలరోజుల ఓపిక మన చేతిలో ఉన్నయి కావు, యజమాని చేతిలో ఉన్నయి. కానీ ఒక మాట అనొచ్చు, "మేడం, ఇది భయపడుతుంది, నన్ను కరిస్తే మీకూ ఇబ్బంది, గోర్లు వెట్ దగ్గర తీయిద్దాం" అని. కుక్క గోరులో లోపల రక్తనాళం ఉంటది, నల్ల గోర్లలో కనపడదు. అది తెగితే నెత్తురు ఆగదు, ఆ కుక్క జన్మలో మళ్ళా కాలు ఇవ్వదు. తెలువని పని ఒప్పుకొని కరిపించుకునుడు కన్నా ఈ మాట అనుడే తేలిక. అరబ్బీలో, ఇంగ్లిష్‌లో ఎట్లా అనాలో ఎపిసోడ్ చివర చెప్పినం, వినండి.

ఇప్పటికి పదకొండు వారాలు. నిన్న తమ్ముడు వీడియో పంపిండు. కుక్క మ్యాట్ మీద నిలబడి ఉంది, మెడపట్టీ లేదు, నడుము మీద మగ్గుతో నీళ్ళు పోస్తున్నడు. ఒకసారి ఆవులించింది. తమ్ముడు వెంటనే మగ్గు కింద పెట్టి, రెండడుగులు వెనక్కి జరిగిండు. అది కాసేపు నిలబడి, మొహం దులుపుకొని, మళ్ళా వాని దగ్గరికొచ్చింది. క్లిప్పర్ ఇంకా డబ్బాలోనే ఉంది. వెనక కాళ్ళ గోర్లకి మేడం వెట్ దగ్గరికి తీసుకుపోతుంది.